దొంగచూపుకు శిక్ష ఎంత?

మా ఇంట్లో 'నేను' అనే మాట చెల్లదు. జీతం తెచ్చేది ఒకరైనా ఖర్చుపెట్టేది అందరం గనుక, నిర్ణయాలన్నీ 'మేము' పేరు మీదనే జరుగుతాయి. అందుచేత ఈ వ్యాసంలో 'మేము' అన్నచోటల్లా ఈ గుమాస్తా ఒక్కడే అనుకోకండి. మా ఆవిడా, కాలేజీ చదివే అమ్మాయీ, హైస్కూలు చదివే అబ్బాయీ కూడా అందులో ఉన్నారనుకోండి. తప్పు జరిగిన చోట మాత్రం ఈ గుమాస్తానే తలచుకుంటే చాలు.

మేము బెంగుళూరు అలసూరు వాళ్ళం. మా ముత్తాతగారు దండులో పనికి వచ్చి ఇక్కడ దిగారట. ఇంట్లో తెలుగు, వీధిలోనూ ఆఫీసు కాగితం మీదా కన్నడం. చదువు ఎస్సెల్సీతో ఆగిందిగాని ఫుట్‌బాలు పిచ్చి ఆగలేదు. అది మా తప్పు కాదు, ఈ నేల గుణం. పక్కనున్న గౌతమపురంలో పెద్దల విగ్రహాల సరసన పేలే విగ్రహం కూడా ఉందంటే ఇక మీరే ఊహించుకోండి.

ఆదివారం సాయంత్రం మా ముందు వసారాలో కోర్టు కూర్చుంటుంది. ఎదురింటి రాయరుగారు, రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు, న్యాయాధిపతి. ఆయన కన్నడంలో అంటారు, మేము తెలుగులో అంటాం. ఇన్నేళ్ళలో అర్థంకాక ఆగిన వాదన ఒక్కటీ లేదు. కాఫీ మా ఆవిడది. తీర్పు కూడా చాలామట్టుకు ఆవిడదే.

ఈ కోర్టుకు వచ్చిన మొదటి పెద్ద కేసు 2019 నాటిది. మా బావమరిది కొడుకు అప్పట్లో ఇంగ్లండులో లీడ్సులో చదువుతుండేవాడు. మనవాడున్న ఊరు గనుక ఆ ఊరి జట్టు మా జట్టే అయింది. జనవరి 10వ తేదీన, డార్బీ జట్టు ప్రాక్టీసు చేసుకుంటున్న మైదానం బయట ఒక మనిషి అనుమానంగా తచ్చాడుతుంటే ఎవరో పోలీసులకు చెప్పారు. తీరా చూస్తే అతడు లీడ్సు జట్టు పంపినవాడు! మర్నాడే ఆ రెండు జట్లకూ పోటీ. లీడ్సు 2-0తో గెలిచింది.

లీడ్సు కోచ్ మార్సెలో బియెల్సా అనే అర్జెంటీనా పెద్దమనిషి. ఆయన బుకాయించలేదు. డార్బీ కోచ్ లాంపార్డ్‌కు ఆటకు ముందే ఫోనుచేసి, ఆ మనిషిని పంపింది తానేనని ఒప్పుకున్నాడు. కొన్నాళ్ళకు విలేఖరులను పిలిచి, ఆ ఏడు తాము ఆడిన ప్రతి జట్టు ప్రాక్టీసూ ఇలాగే చూశామని అడగకుండానే చెప్పాడు. తాను ఎన్నో ఏళ్ళుగా ఇలాగే చేస్తున్నాననీ, ఇది నిషేధం కాదనీ ఆయన వాదన. నిజమే, అప్పటికి అలా చూడకూడదని విడిగా ఒక నియమం లేదు. ఒక జట్టు ఇంకో జట్టుతో సద్భావంతో మెలగాలన్న నియమం మాత్రం ఉంది. దాని కిందనే ఫిబ్రవరి 18న లీడ్సుకు రెండు లక్షల పౌన్ల జరిమానా వేశారు. అప్పటి మన లెక్కలో సుమారు కోటీ ఎనభై లక్షలు. ఇకమీద పోటీకి ముందు 72 గంటల లోపల ఎదుటి జట్టు ప్రాక్టీసు చూడరాదని కొత్త నియమం కూడా పెట్టారు. ఆ జరిమానా బియెల్సా తన జేబులోంచే కట్టుకున్నాడు.

"ఇదేం శిక్ష?" అన్నారు రాయరుగారు. "పరీక్షకు ముందు ప్రశ్నపత్రం చూసినవాడికి డబ్బు జరిమానా వేసి మార్కులు ఉంచేస్తారా? పాయింట్లు కొయ్యాలి."

"చూసినంత మాత్రాన ఏం పోయింది రాయరే?" అన్నాడు మా బావమరిది. "గోలు కొట్టేది కాలుగాని కన్ను కాదు గదా. పైగా బయట నుంచుని చూశాడు. గోడ దూకాడా, తాళం పగలగొట్టాడా?"

మేము బావమరిది పక్షం. తప్పు ఒప్పుకున్నాడు, సొంత డబ్బు కట్టాడు, ఇంకేం కావాలి అన్నాం. ఇప్పుడు తలచుకుంటే, లీడ్సు మన జట్టు గాకపోతే అంత ఉదారంగా ఉండేవాళ్ళం కాదేమో. ఆ మే నెలలోనే డార్బీ వాళ్ళు లీడ్సుకు వచ్చి 4-2తో గెలిచి, పై తరగతికి పోయే దారిలో లీడ్సును ఆపేశారు. కళ్ళకు చేతులు గుండ్రంగా పెట్టి దుర్భిణీలో చూస్తున్నట్టు డార్బీ ఆటగాళ్ళు గంతులు వేశారు. రాయరుగారు ఆ వారమంతా మమ్మల్ని చూసినప్పుడల్లా అలాగే చేతులు పెట్టి చూపించారు.

రెండో కేసు 2024 పారిసు ఒలింపిక్సుది. దీన్ని తెచ్చింది మా అమ్మాయి. జూలై 22న సెంతెత్యెన్ అనే ఊళ్ళో న్యూజిలాండు ఆడపిల్లల జట్టు ప్రాక్టీసు చేసుకుంటుంటే నెత్తిమీద ఒక డ్రోను తిరిగింది. కింద ఫ్రెంచి పోలీసులు పట్టుకున్నది కెనడా జట్టు ఉద్యోగిని. అతడికి అక్కడి న్యాయస్థానం ఎనిమిది నెలల శిక్ష వేసి, అమలు నిలిపి వదిలింది. 27వ తేదీన ఫీఫా తీర్పు వచ్చింది: కోచ్ బెవ్ ప్రీస్ట్‌మన్‌కూ ఇంకా ఇద్దరికీ ఏడాదిపాటు బహిష్కారం, రెండు లక్షల స్విస్ ఫ్రాంకుల జరిమానా, జట్టుకు 6 పాయింట్ల కోత. గ్రూపులో ఆడేవి మూడే ఆటలు. మూడూ గెలిస్తే వచ్చేవి 9 పాయింట్లు. అందులో 6 పోతే మిగిలేది ఏముంది?

"ఆ పిల్లలు చేసిన తప్పేమిటి నాన్నా?" అని మా అమ్మాయి ఏడ్చినంత పనిచేసింది. "డ్రోను ఎగరేసింది వాళ్ళా? పెద్దవాళ్ళు చేసిన పాపం వాళ్ళ నెత్తిన రుద్దుతారా?" కెనడా వాళ్ళూ ఇదే మాట పై న్యాయస్థానంలో చెప్పుకున్నారు, 31న ఆ అప్పీలు కొట్టేశారు. కాని ఆ పిల్లలు మూడు ఆటలూ గెలిచేశారు! ఫ్రాన్సు మీద గెలుపుగోలు 90 నిమిషాలూ అయిపోయి పైన ఆడించిన సమయంలో 12వ నిమిషంలో పడింది. తొమ్మిదిలో ఆరు పోగా మూడు పాయింట్లతో క్వార్టర్ ఫైనలుకు వెళ్ళి, అక్కడ జర్మనీ చేతిలో పెనాల్టీ కిక్కులలో ఓడిపోయారు. ఆ రాత్రి మా అమ్మాయి అన్నం తినలేదు.

ఈ కేసులో మేము మాత్రం అమ్మాయికి ఎదురు చెప్పాం. మా ఆఫీసు అనుభవం ఒకటి ఉంది. చాలా ఏళ్ళ కిందట మేము లెక్క తప్పువేసి ఒక ప్యూనుకు రెండేళ్ళపాటు ఎక్కువ జీతం ఇప్పించాం. తనిఖీలో బయటపడింది. మాకు మెమో ఇచ్చారు. ప్యూను దగ్గర ఆ సొమ్ము వాయిదాల మీద రాబట్టారు. "నా తప్పేముంది సార్?" అని అతడు మొత్తుకున్నాడు. తప్పు లేదు. అయినా సొమ్ము అతడిది కాదు. మెమో వేరు, రాబట్టటం వేరు. మెమో తప్పు చేసినవాడికి. రాబట్టటం లాభం చేరినవాడి దగ్గర. కెనడా పిల్లల దగ్గర తీసుకున్న ఆరు పాయింట్లు శిక్ష కాదమ్మా, అది రాబట్టటం అని మేము చాలా గంభీరంగా సెలవిచ్చాం.

"దొంగచూపులో వచ్చిన లాభం ఆరు పాయింట్లే అని ఎవరు కొలిచారు?" అన్నది అమ్మాయి. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేక కాఫీ తెమ్మన్నాం.

ఇక మూడో కేసు. దీన్ని ఎవరూ కోర్టుకు తేలేదు. అదే మా ఇంట్లో పుట్టింది.

మా అబ్బాయి పేటపిల్లల జట్టులో గోల్‌కీపరు. 2025 దసరా సెలవుల్లో పోటీలు పెట్టారు. సెమీఫైనలు 1-1తో ఆగి పెనాల్టీ కిక్కుల దాకా వచ్చింది. మావాడు అయిదింటిలో మూడు పట్టాడు! పిల్లలు వాడిని భుజాల మీద ఎక్కించుకున్నారు. మేము దారిలో అరకిలో మైసూరుపాకు కొని వీధంతా పంచాం. రాయరుగారైతే వాడి రెండు చేతులూ కళ్ళకద్దుకున్నారు.

రెండు రోజుల తరువాత గ్యాసు రసీదు ఫోటో కోసం మా ఆవిడ వాడి ఫోను వెతుకుతుంటే ఒక వీడియో కనబడింది. మైదానం పక్కనున్న మేడ మీదినుంచి తీసినది. ఎదుటి జట్టు పిల్లలు ఒకరి తరువాత ఒకరు పెనాల్టీ కిక్కులు ప్రాక్టీసు చేస్తున్నారు. మధ్య మధ్య మావాడి గొంతు: "నాలుగో నంబరు మళ్ళీ ఎడమవైపే."

నిజం చెప్పాలంటే, మాకు మొదట తోచింది దాన్ని చెరిపేయటం. ఫోను చేతిలోకి తీసుకుని, చెత్తబుట్ట బొమ్మ దగ్గరికి వేలు కూడా పోనిచ్చాం. చిన్నపిల్లలు గదా, నియమం ఏదీ లేదు గదా, మేడ మనవాళ్ళదే గదా, గోడ దూకలేదు గదా అని బావమరిది వాదనలన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. ఆదివారం ఫైనలు.

"ఏమండీ, ఫ్రెంచి పోలీసులు మన ఇంటికి రారు లెండి" అన్నది మా ఆవిడ. "వచ్చేది రాయరుగారు. వచ్చే ఆదివారం ఆయనకేం చెబుతారో ఆలోచించుకుని అప్పుడు చెరపండి."

వాడిని పిలిచాం. దబాయించలేదు. ఎవరూ పంపలేదనీ, జట్టులో ఇంకెవరికీ తెలియదనీ చెప్పాడు. ఆ తరువాత ఒక మాట అన్నాడు: "నాన్నా, లీడ్సు కేసులో తప్పు ఒప్పుకుని డబ్బు కడితే చాలన్నారు గదా. నా హుండీలో ఆరువందలున్నాయి. కట్టేస్తాను."

మేము నోరు తెరవలేదు. మా అమ్మాయే అంది, "డబ్బు సరే, నువ్వు పట్టిన ఆ మూడు కిక్కులూ ఎవరివిరా?"

శుక్రవారం సాయంత్రం తండ్రీ కొడుకులం ఎదుటి జట్టు మాస్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయనది ఇస్త్రీ బండి. వీడియో మొత్తం చూశాడు. "ఈ నాలుగో నంబరువాడికి చెబుతూనే ఉన్నాను, ఎప్పుడూ ఎడమవైపే కొడతావురా అని" అన్నాడు. తరువాత ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "ఆ పిల్లవాడు తనవల్లనే ఓడిపోయామని రెండు రోజులుగా మైదానానికి రావటం లేదు సార్. బంతి ముట్టనన్నాడు. ముందు వాడికి చెప్పమనండి" అన్నాడు. మావాడు వెళ్ళి చెప్పాడు. ఏమన్నాడో, వాడేమన్నాడో మేము అడగలేదు.

పోటీ పెట్టిన పెద్దలు కూర్చుని, పెనాల్టీ కిక్కులు మాత్రం మళ్ళీ కొట్టించాలన్నారు. మా జట్టుకు మావాడు గాక రెండో గోల్‌కీపరు నిలవాలి. శనివారం సాయంత్రం మళ్ళీ జరిగింది. మావాడు గీత బయట నుంచుని చూశాడు. నాలుగో నంబరు అబ్బాయి ఈసారి కుడివైపు కొట్టాడు, గోలు. మా జట్టు ఒక్క గోలు తేడాతో ఓడిపోయింది.

ఇంతవరకూ చదివి 'బాగుంది, న్యాయం జరిగింది' అనుకుంటున్నారు కాబోలు. మేమూ అలాగే అనుకుంటూ ఇంటికి బయలుదేరాం. గేటు దగ్గర మా జట్టు కెప్టెను తండ్రి ఎదురయ్యాడు. "మీ ఇంటి నిజాయితీకి మా పిల్లలు జరిమానా కట్టారండీ" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. ఆయన వెనకాల ఆ పిల్లవాడు బూట్లు చేత్తో పట్టుకుని వట్టికాళ్ళతో నుంచుని ఉన్నాడు.

మెమో వేరు, రాబట్టటం వేరు అనే మా సిద్ధాంతం నోటిదాకా వచ్చింది. ఆ పిల్లవాడి మొహం చూసి మింగేశాం. ప్యూను వాయిదాలు కట్టినన్నాళ్ళూ మేము ఒక్కసారైనా అతడి మొహంకేసి చూశామా అని ఆ రాత్రి అనుమానం వచ్చింది. కెనడా పిల్లల ఆరు పాయింట్ల మీద మేము వసారాలో కూర్చుని ఇచ్చిన తీర్పు తప్పు అని ఇప్పటికీ అనం. నాలుగో నంబరు అబ్బాయి మళ్ళీ మైదానానికి రావాలంటే ఎవరో ఒకరు పోగొట్టుకోక తప్పదు. కాని అంత తేలికగా మాత్రం మళ్ళీ చెప్పలేం.

మావాడు నెలరోజులు రెండో గోల్‌కీపరుగా ఉండి, ప్రాక్టీసుకు అందరికంటే ముందువెళ్ళి బంతుల్లో గాలి కొట్టాడు. పిల్లలు మొదట పలకలేదు, తరువాత పలికారు. పిల్లలు గదా. నాలుగో నంబరు అబ్బాయి ఆ వీడియో తనకూ ఒకటి పంపమన్నాడట. కెప్టెను తండ్రి మాత్రం పొద్దున్నే పాల బూతు దగ్గర కనబడితే ఇప్పటికీ తల అటు తిప్పుకుంటాడు. ఒకనాడు ఆగి మాట్లాడదామనే ఉంది. ఏమని మొదలుపెట్టాలో ఇంకా తెలియటం లేదు.

రాయరుగారి కోర్టులో ఈ కేసు వాయిదాలోనే ఉంది. మీ ఇళ్ళలో అయితే ఏం చేసేవారో, ఆ పదిమంది పిల్లలకు ఏం చెప్పేవారో సంపాదకులవారికి ఒక ఉత్తరం ముక్క వ్రాయండి. ఆదివారం నాడు చదివి వినిపిస్తాం. కాఫీ మా ఆవిడది.