347 సీసీ

ఆర్‌డీ 350 అని పేరేగానీ, అది 350 కాదు. బోర్ 64 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 54, సిలిండర్లు రెండు. తొమ్మిదో తరగతి ఘనపరిమాణం సూత్రంలో వేసి చూడండి, 347 వస్తుంది. నాతో ఈ లెక్క మొదట చేయించింది మన కాలేజీ కాదు, గుంటూరులో ఉండే మా మావయ్య. ఆయనది రాజ్‌దూత్ 350. ఆ యమహా బండినే 1983 నుంచి ఎస్కార్ట్స్ వాళ్ళు ఫరీదాబాద్‌లో తయారుచేశారు.

బులెట్ కూడా 346 సీసీయే కదా, దానికి 18 హార్స్‌పవర్, దీనికి 30.5 ఎందుకని అడిగాను ఒకసారి. "క్రాంక్ రెండు చుట్లు తిరిగితే మంట ఎన్నిసార్లు అంటుకుంటుందో లెక్కపెట్టరా అల్లుడూ" అన్నారు. బులెట్‌ది ఫోర్ స్ట్రోక్, ఒకటే సిలిండరు, కాబట్టి ఒక్కసారే. ఇది టూ స్ట్రోక్, రెండు సిలిండర్లూ కలిపి నాలుగుసార్లు. మరి పవరు నాలుగు రెట్లు రావద్దూ? ఒక్కో సిలిండరు సైజు సగమే. పైగా ఎగ్జాస్ట్ పోర్టు మూసుకోకముందే కొత్త పెట్రోలు మిశ్రమం లోపలికొస్తుంది, కొంత కాలకుండానే సైలెన్సర్లోకి పోతుంది. పోయేది మన జేబులోంచే.

1973లో యమహా తెచ్చిన ఆర్‌డీ 350కి 39 హార్స్‌పవర్, ముందు చక్రానికి డిస్క్ బ్రేకు. మన దగ్గరికొచ్చేసరికి పవరు 30.5కి దిగింది, మైలేజీ కోసం తర్వాత 27 అయింది, మన ఇంటర్నల్ మార్కుల్లాగా. అది సరే. డిస్క్ తీసేసి డ్రమ్ పెట్టడమే నాకు మింగుడుపడదు. కుర్రాళ్ళు దానికి 'ర్యాపిడ్ డెత్' అని ఊరికే పేరు పెట్టలేదు.

మావయ్యకి ఇప్పుడు మోకాలు సహకరించడం లేదు. సెల్ఫ్ స్టార్ట్ లేదు, కిక్కే గతి. అమ్మేద్దామని అత్తయ్య పట్టు. "నువ్వు ఇంజన్ విప్పి మళ్ళీ బిగిస్తే నీదే. లేకపోతే ఉగాదికి అమ్మేస్తా" అన్నారాయన.

సెలవుల్లో విప్పాను. రీడ్ వాల్వులు బాగానే ఉన్నాయి. పిస్టన్లు బయటికి తీస్తే రెండింటి మీదా నిలువు గీతలు, సిలిండరు గోడలకీ అంతే. మావయ్య ఎడమ పిస్టన్ని చేతిలో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, పావు మిల్లీమీటరు ఓవర్‌సైజు పిస్టన్లు దొరికితే బోర్ చేయించవచ్చన్నారు. నేను పాత అలవాటు కొద్దీ 64.25 వేసి లెక్క కట్టాను. 350 దాటింది! చెబితే నవ్వారు, రెండు రోజుల తర్వాత మొదటిసారి.

పిస్టన్లు ఇంకా దొరకలేదు. ఇంజన్ ముక్కలన్నీ పోర్టికోలో పాత దుప్పటి మీద ఉన్నాయి. ఉగాది ఎప్పుడని అత్తయ్య రోజూ క్యాలెండర్ చూస్తోంది.