పుర్రె కాదు, గిన్నె

స్టాక్‌హోంలోనో కోపెన్‌హాగెన్‌లోనో విందుకు వెళ్లిన అతిథి ముందుగా నేర్చుకునే మాట 'స్కోల్'. గ్లాసు పైకెత్తి, ఎదుటివారి కళ్లలోకి చూసి ఆ మాట అనాలి. ఒక గుక్క తాగి, గ్లాసు దించేముందు మళ్లీ కళ్లలోకి చూడాలి. ఆ మర్యాద వెంటే ఒక కథా వినిపిస్తుంది. వైకింగులు తాము చంపిన శత్రువుల పుర్రెల్లో మద్యం తాగేవారట, ఈ మాట ఆ పుర్రె నుంచే పుట్టిందట.

కథ రక్తి కట్టిస్తుంది కానీ నిజం కాదు. ప్రాచీన నార్స్ భాషలో 'స్కాల్' అంటే గిన్నె. నేటికీ స్వీడన్ వంటింట్లో గిన్నెను స్కోల్ అనే అంటారు. పుర్రెకు వారి మాట 'స్కల్లె'. ఇంగ్లిష్‌లోని 'స్కల్'తో ధ్వని కలవడంతో కథకు ఊతం దొరికింది.

మరి పుర్రెలు ఎక్కడి నుంచి వచ్చాయి? డెన్మార్క్ పండితుడు ఓలే వోర్మ్ 1636లో రూనిక్ లిపిపై వెలువరించిన గ్రంథంలో ఒక పాత నార్స్ కవితకు లాటిన్ అనువాదం ఉంది. యోధులు 'పుర్రెల మీది వంపు చెట్ల' నుంచి తాగుతారని మూలం. అంటే పశువుల తలపై మొలిచే కొమ్ములు. అప్పట్లో అవే పానపాత్రలు. అనువాదంలో అవి కాస్తా చంపినవారి పుర్రెలయ్యాయి. లాటిన్ చదివే యూరప్ దాన్ని నమ్మింది. ఒక్క తప్పు అనువాదం ఒక జాతి మొత్తానికి క్రూరత్వపు ముద్ర వేసింది.

నిజానికి ఆ విందుల్లో అసలు పేచీ పాత్ర గురించి కాదు, ఎవరి పేరిట తాగాలన్న దాని గురించి. ఐస్‌లాండ్ చరిత్రకారుడు స్నోరీ స్టుర్లుసన్ 13వ శతాబ్దిలో రాసిన దాని ప్రకారం, మూడొందల ఏళ్ల కిందట క్రైస్తవుడైన నార్వే రాజు హాకోన్, ఓడిన్ దేవుడి పేరిట ఇచ్చిన కొమ్ముపై శిలువ గుర్తు వేశాడు. అదేమిటని జనం నిలదీశారు. అది థోర్ దేవుడి సుత్తి గుర్తని సామంతుడు సిగుర్డ్ సర్దిచెప్పాల్సి వచ్చింది. ఆ ఒక్క గుక్క రాజు ఎవరి పక్షమో తేల్చేది.

గిన్నెకూ తలకూ ముడిపడటం మనకూ కొత్త కాదు. తెలుగులో కపాలమంటే పుర్రె. సంస్కృతంలో అది మట్టి పెంకు, భిక్షాపాత్ర కూడా. యజ్ఞంలో పురోడాశాన్ని కాల్చేది మట్టి కపాలాలపైనే. ఫ్రెంచ్‌లో తలను సూచించే 'తెత్'కు మూలమైన లాటిన్ మాటకూ మట్టికుండ అనే అర్థం. మనుషులు తలను చూసి గిన్నె పేరు పెట్టారు. స్కోల్ కథ చెప్పేవారు మాత్రం గిన్నెను చూసి తలలు నరికించారు.