మా హాలుకు మాట వచ్చింది

సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగినప్పుడు, ప్రతి ఏడూ రాసే క్రమశిక్షణ, లక్ష్యసాధన మాకు గుర్తుకు రాలేదు. మా టీవీ హాలు గుర్తుకొచ్చింది. పోయిన వార్షికోత్సవం నాడు అన్నలు చందాలు వేసుకుని 15,000 రూపాయలు మా చేతిలో పెట్టి, "టీవీకి మంచి సౌండ్ పెట్టించుకోండి" అన్నారు. ఆ డబ్బుతో ఏం చేశామో లెక్క చెప్పాల్సిన బాధ్యత మా మీద ఉంది. ఇది ఆ లెక్కే.

మా హాలు మీకు తెలిసిందే. పొడవు నలభై అడుగులు, సిమెంటు నేల, బోసి గోడలు. వార్తల వేళకు డెబ్బై మందిమి కూర్చుంటాం. పాత డబ్బా టీవీ పోయి పలకలాంటి కొత్త టీవీ వచ్చినప్పుడు అందరం సంతోషపడ్డాం. బొమ్మ అద్దంలా ఉంది, మాట మాత్రం బావిలోంచి వచ్చినట్టుంది. పాత డబ్బాలో స్పీకర్‌కు చోటుండేది, అది మన ముఖంకేసి మాట్లాడేది. ఈ పలక టీవీకి మందం లేదు కాబట్టి చిన్న స్పీకర్లను కిందికో వెనక్కో తిప్పి పెడతారు. మాట ముందు గోడకు తగిలి, నేలకు తగిలి, తర్వాత మన దగ్గరకు వస్తుంది. సౌండ్ పెంచితే గోల పెరిగేది కానీ మాట తెలిసేది కాదు.

అమీర్‌పేటలో ఉంటూ ఈ బాధ పడటం మాకే నవ్వొచ్చేది. మైత్రీవనం చుట్టూ జావా, టెస్టింగ్, నెట్‌వర్కింగ్ నేర్పని గల్లీ లేదు. మా టీవీకి మాటలు నేర్పే కోర్సు మాత్రం ఏ బోర్డు మీదా కనబడలేదు.

డబ్బు చేతికి రాగానే హాస్టల్ రెండు పార్టీలైంది. ఇంటర్, డిగ్రీ తమ్ముళ్లది 'బాస్' పార్టీ. సత్యం థియేటర్ ఉన్న చోట 2023లో తెరిచిన మల్టీప్లెక్స్‌లో ఒకసారి సినిమా చూసొచ్చారు. గుండెలు అదిరే డబ్బా కావాలన్నారు. గ్రూప్స్‌కు చదివే అన్నలది 'మాట' పార్టీ. వాళ్లకు టీ-సాట్ నిపుణలో పాఠాలు వినబడాలి. "వెనక కూర్చుంటే ఆర్టికల్ నంబరు పదిహేనో పదహారో తెలుస్తలేదు తమ్మీ, పరీక్షల గదే అడుగుతడు" అని ఒక అన్న అన్నాడు.

వాదన తెగక, ఆ అన్నే ఒక పరీక్ష పెట్టాడు. రాత్రి వార్తల్లోంచి పది మాటలు. ఎవరికి ఏది వినబడితే అది కాగితం మీద రాయాలి. చిన్నప్పటి డిక్టేషన్ అన్నమాట. మొదటి వరసలో వాళ్లు ఎనిమిది, తొమ్మిది రాశారు. చివరి వరసలో నాలుగు దాటలేదు. బాస్ పార్టీ కూడా మెత్తబడింది.

ఒక కాగితం మాత్రం ఖాళీగా వచ్చింది. రాసినవాడు వెనక కూడా లేడు, మూడో వరసలో ఉన్నాడు. రోజూ టీవీ కింద నేల మీద, అందరికన్నా ముందు కూర్చునే తమ్ముడు వాడు. ఆ రోజు పరీక్ష కోసం మేమే వాణ్ని వెనక్కి పంపాం. ముందు సీటు కోసం అన్నం సగంలో వదిలి పరుగెత్తుకొస్తాడని రెండేళ్లు మేము వాణ్ని 'ఫ్రంట్ బెంచి' అని వెక్కిరించాం. పిలిస్తే పలకడని, పొగరని అనుకున్నాం. ఖాళీ కాగితం చూసి మళ్లీ వెక్కిరించబోతే వాడు తల దించుకున్నాడు. మెల్లగా చెప్పాడు: చిన్నప్పటి నుంచీ ఎడమ చెవి కారుతుంది, ఆ పక్క సరిగ్గా వినబడదు, ఇంట్లో నూనె పోసేవాళ్లు, ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

మాలో ఎవరమూ ఆ రాత్రి టీవీ పెట్టలేదు. మర్నాడు సార్‌కు చెప్పాం. సార్ వాణ్ని కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి తీసుకెళ్లారు. కారే చెవిలో నూనె పోయకూడదని, నీళ్లు పోనివ్వకూడదని, వదిలేస్తే వినికిడి ఇంకా తగ్గుతుందని డాక్టర్లు చెప్పారు. వినికిడి పరీక్ష చేసి మందులు రాశారు. ఇది చదివే తమ్ముళ్లలో ఎవరికైనా అలా ఉంటే దాచుకోవద్దు.

ఇక కొనుడు. నలుగురం పంజాగుట్టకు నడిచాం. మెట్రోలో ఒక్క స్టేషనే, ఆ టికెట్ డబ్బులు కూడా అన్నలవే కదా అని మెట్రో స్తంభాల నీడన వెళ్లాం. మూడు షాపులు తిరిగాం. ఒక షాపులో అబ్బాయి మమ్మల్ని చూడగానే పెద్ద బాస్ డబ్బా పెట్టి అద్దాలు అదిరేలా పాట వేశాడు. మేము "వార్తలు పెట్టన్నా" అన్నాం. అతను విచిత్రంగా చూశాడు.

తిరిగి తిరిగి మేము నేర్చుకున్నవి ఇవి. డబ్బా మీద 2.1, 3.1, 5.1 అని ఉంటుంది. చుక్కకు ముందున్న అంకె స్పీకర్ చానళ్లు, తర్వాతది బాస్ పెట్టె. 2.1లో కుడి, ఎడమ మాత్రమే. 3.1లో మధ్యన ఇంకో చానల్ ఉంటుంది, మాటలు దాన్లోంచే ఎక్కువగా వస్తాయి. 5.1లో వెనక స్పీకర్లు కూడా ఉంటాయి. అవి ఇంట్లో నలుగురు కూర్చునే గదికి బాగుంటాయి. మా హాలులో వెనక వరస చెవుల పక్కనే మోగుతాయి. వాట్లు చూసి మోసపోవద్దు. పీఎంపీఓ అని వేసే పెద్ద అంకె ఊరికే, ఆర్ఎంఎస్ ఎంతో అడగాలి. హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ ఉందో లేదో టీవీకి, బార్‌కు రెండింటికీ చూసుకోవాలి.

3.1 బార్ ధర 16,500 చెప్పారు. హాస్టల్ అని చెప్పి, అన్నల చందా అని చెప్పి, 15,400కు దించాం. పై నాలుగు వందలు మేము వేసుకున్నాం.

తెచ్చి బిగించాక మాటే రాలేదు! షాపువాడు ముంచాడని బాస్ పార్టీ అరిచింది. హార్డ్‌వేర్ కోర్సు చేసే అన్న వచ్చి చూసి నవ్వాడు. టీవీ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రాలు మూడున్నాయి, ఏఆర్‌సీ అని రాసి ఉన్నది ఒక్కటే. మేము పక్కదాన్లో పెట్టాం. వైరు మార్చి, సెట్టింగ్స్‌లో సీఈసీ ఆన్ చేసి, సౌండ్ అవుట్‌పుట్ ఏఆర్‌సీకి మార్చగానే వార్తలు చదివే ఆమె గొంతు హాలంతా పరుచుకుంది. పెదవులు ముందు కదిలి మాట వెనక వస్తుంటే, ఆలస్యం సరిచేసే సెట్టింగ్‌తో దాన్నీ కలిపాం.

బార్‌ను టీవీ కిందే, అర అంచుకు సమంగా పెట్టాం. లోపలికి తోస్తే అర చెక్కే మాటను మింగుతుంది. బాస్ పెట్టెను మొదట మూలకు పెడితే ఇనుప బీరువా గజగజలాడింది. మూలలో బాస్ ఉబ్బుతుంది కాబట్టి గోడకు దూరంగా జరిపి తగ్గించాం. అయినా చివరి వరసకు మాట ముద్దగానే వచ్చింది. అప్పుడు తెలిసింది, సగం తప్పు గోడలదని. బోసి గోడ మాటను తిరగ్గొడుతుంది. స్టోర్ రూములోని పాత దుప్పట్లు ఉతికి వెనక గోడకు కట్టాం, నేల మీద జంపఖానాలు పరిచాం. దీనికి పైసా ఖర్చు కాలేదు, బార్ ఎంత పని చేసిందో దుప్పట్లూ దాదాపు అంత చేశాయి. మళ్లీ డిక్టేషన్ పెడితే చివరి వరసకు ఎనిమిది వచ్చాయి. నలభై అడుగుల హాలుకు ఇలాంటి బార్ చాలదని తెలిసినవాళ్లు అంటారు. నిజమే. పది మాటల్లో రెండు ఇంకా పోతూనే ఉన్నాయి.

మొన్న హాలు చూడ్డానికి వచ్చిన ఒక పెద్దన్న ఒక మాట చెప్పాడు. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ చూపించారు, 'సైట్' అని. మన రాష్ట్రమూ అందులో ఉంది. మహబూబ్‌నగర్ జిల్లాలో వాళ్ల ఊళ్లోనూ ఒక టీవీ పెట్టారట. "ఊరంతా ఒక్క డబ్బా ముందు కూసునేది. ఎనకున్నోళ్లకు ఇనబడకపోతే ముందున్నోళ్లు తిరిగి చెప్పేది" అన్నాడు. ఆ మాట మాకు సిగ్గనిపించింది. రెండేళ్లలో మేము ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదిన్నరకు టీవీ బంద్. పైన చదువుకునేవాళ్ల కోసం పరీక్షల నెలలో బాస్ పెట్టె ప్లగ్ తీసేస్తాం. బాస్ పార్టీ ఒప్పుకునే సంతకం పెట్టింది. బిల్లు, వారంటీ కార్డు ఆఫీసు బీరువాలో ఉన్నాయి, రిమోట్ వాచ్‌మన్ తాత దగ్గర ఉంది. అన్నలు ఎప్పుడొచ్చినా చూసుకోవచ్చు.

'ఫ్రంట్ బెంచి' అనే పేరు తీసేశాం. చెవికి మందులు ఇంకా నడుస్తున్నాయి, డాక్టర్లు మళ్లీ రమ్మన్నారు. తమ్ముడిప్పుడు నాలుగో వరసలో తన రూమ్ వాళ్లతో కూర్చుంటున్నాడు, కుడి చెవి టీవీ వైపు ఉండేలా ఎడమ కొసన. ఆ చోటు ఎవరూ ఆక్రమించరు. అన్నం కూడా పూర్తిగా తిని వస్తున్నాడు.

— రెండో అంతస్తు మిత్రబృందం