నల్లజర్లలో ఒక జపాన్ విమానం

సంక్రాంతికి మా వైపు వచ్చే కార్లలో సగం పందెం బరుల దగ్గరే ఆగుతాయి. నల్లజర్లలో మా అక్కావాళ్లింట్లో మాత్రం ఈసారి పండగ నాలుగు రోజులూ వేరే పందెం నడిచింది. పదో తరగతి చదివే మా మేనల్లుడు ఒక యుద్ధవిమానాన్ని కట్టాడు. కాగితం మీద బొమ్మలే తప్ప మాటలు లేని ఇన్‌స్ట్రక్షన్ షీట్ ఒకటి, వందకు పైగా ప్లాస్టిక్ ముక్కలు, పక్కన నేను. "పరీక్షలు దగ్గర పెట్టుకుని బొమ్మలేంట్రా?" అని అక్క. ముక్కనుమ సాయంత్రానికల్లా పెట్టె కట్టెయ్యాలన్నది ఆవిడ షరతు.

ఆ నాలుగు రోజుల్లో నల్లజర్ల, తాడేపల్లిగూడెం, కొల్లేరు తిరిగాం. బొమ్మ విమానానికీ ఈ ఊళ్లకీ సంబంధం ఏంటంటారా? అదే చెప్తా.

గైడ్ లేని సబ్జెక్ట్

స్కేల్ మోడల్ అంటే రిమోట్‌తో ఎగరేసేది కాదు. అసలు విమానాన్ని కచ్చితమైన లెక్కలో చిన్నది చేసి, ముక్కలుగా అచ్చు పోసి పెట్టెలో ఇస్తారు. మాది 1/72 స్కేలు. అసలు విమానంలో 72 సెంటీమీటర్లు బొమ్మలో ఒక్క సెంటీమీటరు. ఈ 72 ఏంటని మావాడు అడిగాడు. ఆరడుగుల్ని అంగుళాల్లోకి మారిస్తే 72 వస్తుంది కదా. అంటే ఆరడుగుల మనిషి ఒక్క అంగుళం అవుతాడు.

ముక్కలన్నీ ప్లాస్టిక్ చట్రాలకి అంటుకుని ఉంటాయి. కొమ్మకి పిందెలున్నట్టు. ఆ చట్రాన్ని స్ప్రూ అంటారు. ఒక్కో ముక్క పక్కన నంబరు ఉంటుంది. షీట్‌లో బొమ్మ, బాణం గుర్తు, నంబరు. ప్రపంచంలో ఏ భాషవాళ్లయినా చదవాలని మాటలు తీసేసి గుర్తులు పెడతారు. రంగు చుక్క ఉంటే ఇప్పుడే రంగు వెయ్యాలని. గుండ్రటి బాణం ఉంటే రెండో వైపూ ఇలాగే చెయ్యాలని. ప్రశ్న గుర్తు ఉంటే రెండింట్లో ఏదో ఒకటి, ఇష్టం మీది అని.

వినడానికి సుళువే. కూర్చుంటే తెలుస్తుంది. బాణం విమానం కడుపులోకి దూరి మాయమైపోతుంది. కుడి, ఎడమ ముక్కలు అచ్చం ఒకేలా కనిపిస్తాయి. తలుపు లోపలి ముఖం ఏదో, బయటి ముఖం ఏదో బొమ్మలో తెలియదు.

మావాడికి ఇది కొత్త. వాడి చదువంతా గైడ్లు, మెటీరియల్, మోడల్ పేపర్లు. ప్రశ్న పక్కనే జవాబు ఉంటుంది. ఇక్కడ షీట్ రెండుసార్లు తిప్పి చూసి, "సరిగ్గా చెప్పలేదు మావయ్యా. ఎవరైనా చేసిన వీడియో చూసి చేసేద్దాం" అన్నాడు.

చూడొద్దనలేదు. ముందు ఒక్క ప్రశ్న వేసుకోమన్నాను: ఈ ముక్క అసలు విమానంలో ఏం పని చేస్తుంది?

చక్రం తలుపునే తీసుకోండి. ఈ విమానం చక్రాల కాళ్లు ఎగిరాక లోపలివైపుకి, అంటే ఒకదాని వైపు ఒకటి మడుచుకుని రెక్కలోకి వెళ్లిపోతాయి. మడిచినప్పుడు తలుపు రెక్క కింద మూతలా పడాలి. మరి కాలు దించి ఉన్నప్పుడు ఆ తలుపు ఎటు ఉండాలి? వాడు తన మోచేతిని మడిచి, దించి, మళ్లీ మడిచి చూసుకున్నాడు. "బయటివైపు!" అన్నాడు. షీట్‌లో తేలని సంగతి మోచేతితో తేలింది.

సూదిలాంటి ముక్క ఇంకోటి ఉంది. పిటాట్ ట్యూబ్. ఎదురుగాలి ఒత్తిడిని బట్టి వేగం తెలుసుకోడానికి. అలాంటప్పుడు దాని మొన వెనక్కి తిరిగి ఉంటుందా? రెక్క ముందు అంచు నుంచి ముందుకే చూడాలి. పని తెలిస్తే చోటు తెలిసినట్టే. ఆ తర్వాత వీడియో ఊసు వాడే మర్చిపోయాడు.

కొక్కెం చెప్పిన కథ

మేం కట్టింది జపాన్ నావికాదళం వాడిన నకజిమా బీ5ఎన్2. మిత్రపక్షాల సైనికులు దానికి 'కేట్' అని పేరు పెట్టుకున్నారు. ముగ్గురు కూర్చునే విమానం. రెక్కల వెడల్పు సుమారు పదిహేనున్నర మీటర్లు. మా బొమ్మకి అది ఇరవై ఒకటిన్నర సెంటీమీటర్లు.

రెండోరోజు మావాడు రెండు విషయాలు పట్టుకున్నాడు. రెక్క మధ్యలో మడత గీత ఉంది. తోక కింద చిన్న కొక్కెం ఉంది. "మామూలు విమానానికి ఇవెందుకు మావయ్యా?"

"నువ్వే చెప్పు."

కాసేపు ఆలోచించాడు. రెక్కలు మడవాలంటే చోటు ఇరుకై ఉండాలి. కొక్కెం ఉందంటే దేన్నో పట్టుకోవాలి. ఓడ! ఓడ డెక్ మీద అడ్డంగా కట్టిన తీగని ఆ కొక్కెం పట్టుకుంటే విమానం ఆగుతుంది. కింద చిన్న గదుల్లో పెట్టడానికి రెక్కలు మడుస్తారు.

ఇక అసలు చిక్కు ఆ తర్వాతి బొమ్మలో వచ్చింది. కడుపు భాగాన్ని మూసేముందు లోపలి నుంచి చిన్న రంధ్రాలు పెట్టాలి. టార్పెడో తగిలిస్తే కొన్ని, బాంబులు తగిలిస్తే వేరే కొన్ని. మధ్యలో ప్రశ్న గుర్తు. ఏది ఎప్పుడు వాడారో ఒక్క ముక్క లేదు. మూసేశాక మార్చుకోవడం కష్టం.

అప్పుడు వాడికి ఆ తేదీ చెప్పాను. 1942 ఏప్రిల్ 6, సోమవారం. ముందురోజు ఈస్టర్ ఆదివారం నాడు జపాన్ విమానాలు కొలంబో మీద పడ్డాయి. ఆ మర్నాడు బంగాళాఖాతంలో ఉన్న 'ర్యూజో' అనే ఇంకో విమానవాహక నౌక నుంచి లేచినవి మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ప్రాణాలు పోయాయి. విశాఖలో జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకి పోయారు. అదే రోజుల్లో సముద్రంలో సరుకు ఓడలెన్నో మునిగాయి. ర్యూజో మీద నుంచి వచ్చిన ఆ బాంబర్లు ఈ కేట్ రకమే.

వాడు కట్టర్ కింద పెట్టేశాడు. "మన కాకినాడ మీదా? మరి మన మీద బాంబులేసిన విమానాన్ని మనం ఎందుకు చేస్తున్నాం?"

మంచి ప్రశ్న. పెట్టె మీది బొమ్మలో నీలాకాశం, మబ్బులు, అందంగా ఎగిరే విమానం. షీట్‌లో బాంబు ఎక్కడ అతికించాలో ఉంది. అది ఎవరి మీద పడిందో లేదు. అది మనమే వెతుక్కోవాలి. నా మటుకు నేను చెప్పిందేంటంటే, దాన్ని మెచ్చుకోడానికి చెయ్యట్లేదు, దాని కొలత తెలుసుకోడానికి చేస్తున్నాం. ముగ్గురు మనుషులు కూర్చునేంత చిన్న వస్తువు సముద్రం మీంచి వచ్చి ఒక పట్నాన్ని ఖాళీ చేయించింది. అది పుస్తకంలో ఒక లైను. చేతిలోకి తీసుకుంటే వేరే.

వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత తనే, "టార్పెడో నీళ్లలో వెళ్లి ఓడని కొట్టేది కదా. ఊరి మీద వేసేది బాంబే" అని బాంబుల రంధ్రాలు పెట్టాడు.

రెండు మీటర్ల డెక్

ర్యూజో డెక్ పొడవు సుమారు 156 మీటర్లు, వెడల్పు 23. 72తో భాగిస్తే రెండు మీటర్ల పదిహేడు సెంటీమీటర్లు, ముప్ఫై రెండు సెంటీమీటర్లు. వసారాలో అక్క వేసిన ముగ్గు పక్కనే సుద్దముక్కతో గీశాం. రెక్కలు విప్పిన బొమ్మని దాని మీద పెడితే రెండు పక్కలా అయిదేసి సెంటీమీటర్లే మిగిలాయి. "ఇంత ఇరుకులోనా!" అన్నాడు. అక్క కూడా పొయ్యి దగ్గర్నుంచి వచ్చి చూసి, "మరి పడిపోరూ?" అంది.

అసలు సైజులో చూడాలంటే దగ్గర్లోనే చోటుంది. మర్నాడు పొద్దున్నే బండి తీశాం.

నల్లజర్ల నుంచి తాడేపల్లిగూడెం దారి మెట్ట నుంచి డెల్టాలోకి దిగే దారి. పామాయిల్ తోటలు, కొబ్బరి కింద కోకో, ఎర్రమట్టి. వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం దాటాక నేల రంగు నెమ్మదిగా మారుతుంది. ఆ పొద్దున మంచు ఇంకా వీడలేదు. ముందువెళ్లే లారీ వెనక లైట్లే మాకు దారి.

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్‌వాళ్లు వేసిన రన్‌వే ఉంది. విమానాలు దిగడం ఎప్పుడో మానేశాయి. ఊరు దాని చుట్టూ పెరిగింది. కడకట్లలో నిట్ క్యాంపస్ వచ్చింది కూడా ఆ విమానాశ్రయ భూముల్లోనే. టీ బడ్డీ దగ్గర ఒకాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "స్థలం చూడ్డానికొచ్చారాండి?" అని అడిగారు. కాదండి, రన్‌వే చూడ్డానికన్నాం. "ఆయ్, ఎయిర్‌పోర్టు మళ్లీ వస్తుందని నా చిన్నప్పట్నుంచీ వింటున్నానండి" అని నవ్వారు.

మావాడు తన ఒక్కో అంగ 70 సెంటీమీటర్లని ఇంట్లోనే కొలుచుకుని వచ్చాడు. ఒకచోట నిలబడి లెక్క మొదలెట్టాడు. 223 అంగలు వేసి ఆగాడు. అక్కడికి 156 మీటర్లు. వెనక్కి తిరిగి చూశాడు, ముందుకి చూశాడు. ముందు ఇంకా బోలెడు నేల ఉంది.

"ఓడ మీద అయితే ఇక్కడితో సముద్రమేనా?"

అవును. మరి ఎలా లేచేవి? అదీ వాడికే వదిలేశాను. ఒక్క సమాచారం ఇచ్చా: ఆ ఓడ వేగం 29 నాట్లు, అంటే గంటకి 50 కిలోమీటర్లకి పైనే. విమానాలు లేచేటప్పుడు ఓడ గాలికి ఎదురుగా పరిగెత్తుతుంది. విమానం కదలకముందే రెక్కల మీద అంత గాలి ఉంటుంది. వాడు తలూపాడు కానీ నమ్మినట్టు లేదు.

కొల్లేట్లో జవాబు

నమ్మకం కుదిరింది ఆటపాకలో. ఏలూరు వెళ్లి, అక్కణ్నుంచి కొల్లేటి మధ్యగా పోయే రోడ్డు మీద కైకలూరు చేరాం. ఆటపాక పక్షుల కేంద్రం దాన్ని ఆనుకునే ఉంది. కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. దారి పొడుగునా చేపల చెరువులు చూస్తే ఆ రెండు మాటలకీ కంటికి కనిపించేదానికీ ఎంత దూరమో అర్థమవుతుంది. అది వేరే కథ.

ఆటపాకలో గూడబాతులు ఉంటాయి. పెలికాన్లు. గూళ్ల కోసం అటవీశాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు పెట్టింది. గట్టు మీద అరగంట కూర్చున్నాం. బరువైన పక్షి. ఉన్నచోటు నుంచి నిటారుగా లేవలేదు. గాలికి ఎదురు తిరిగి, రెండు కాళ్లూ కలిపి నీళ్లని తన్నుకుంటూ కొంతదూరం పోయి, అప్పుడు లేస్తుంది. మావాడు నా భుజం తట్టాడు. ఇంక నేను చెప్పాల్సిందేం లేదు.

దిగేటప్పుడు ఇంకా బాగుంటుంది. గాల్లో ఉన్నంతసేపూ కాళ్లు కనిపించవు. నీళ్లు దగ్గరపడ్డాక మాత్రమే ముందుకి చాపి, బల్ల మీద జారినట్టు జారి ఆగుతుంది. "మావయ్యా, మన కొక్కెం మీద కూడా ప్రశ్న గుర్తు ఉంది కదా, పైకా కిందకా అని? దిగేటప్పుడే కిందకి. మన విమానం ఆగి ఉంది కాబట్టి పైకి అతికిద్దాం" అన్నాడు.

ఆ రాత్రే అతికించాడు. పైన ముదురు పచ్చ, కింద లేత బూడిద రంగు వేశాం. మా కిట్‌లో ఇచ్చిన డెకాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తులు, వేరే ఓడవి. ర్యూజోవి లేవు. తోక మీద ఏదో ఒకటి అంటించేద్దామా అంటే వాడే వద్దన్నాడు. "తెలియనిది రాయకూడదు కదా." తోక ఖాళీగానే ఉంది. కింద అట్టముక్క మీద మాత్రం తేదీ, రెండు ఊళ్ల పేర్లు రాశాడు: 6-4-1942, విశాఖపట్నం, కాకినాడ. ఆ ఓడ కూడా అదే ఏడాది ఆగస్టు 24న పసిఫిక్‌లో మునిగిపోయిందని చెబితే, ఆ మాటా కింద చేర్చాడు. అక్క దాన్ని రెండుసార్లు చదివి, టీవీ పక్కన చోటిచ్చింది.

మీరూ చేస్తానంటే

మొదటి కిట్‌కి ముక్కలు తక్కువున్నది తీసుకోండి. జిగురు తీసేముందు షీట్ మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదవండి. రంధ్రాల గుర్తులు ఎక్కడున్నాయో పెన్నుతో చుట్టండి. ప్రతి ముక్కనీ ముందు జిగురు లేకుండా పెట్టి చూడండి. అర్థంకాని బాణం దగ్గర ఆగి, ఆ ముక్క పనేంటో ఆలోచించండి. అప్పటికీ తేలకపోతే అసలు విమానం ఫొటోలు వెతకండి. ముక్కలు కోసేటప్పుడు ఫ్యాన్ ఆపండి, చిన్నవి ఎగిరిపోతాయి. కొల్లేరు చుట్టుపక్కల వాళ్లయితే మంచు, ముసురు ఉన్న పూట రంగు వెయ్యకండి. చెమ్మకి కొన్ని రంగులు తెల్లగా పాలిపోతాయి.

ఇక ఊళ్లు. నల్లజర్ల తూర్పు గోదావరిలో ఉంది, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలో, ఆటపాక ఏలూరు జిల్లాలో. 2022లో జిల్లాలు మారాక ఒక్కరోజు బండి ప్రయాణంలో మూడు జిల్లాలు తగులుతున్నాయి. పక్షుల కోసమైతే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు, పొద్దున్నే వెళ్లండి. రన్‌వే వైపు వెళ్తే ఒక్కసారి 223 అంగలు నడిచి ఆగి చూడండి.