నీలం సీసా

భానూరు అంటే అందరికీ భారత్ డైనమిక్స్ వారి మిస్సైళ్ల ఫ్యాక్టరీ యాదికొస్తది. మా ఇల్లు ఆ ఊర్లోనే. నారాయణఖేడ్ దిక్కు తండా నుంచి మా నాయిన కూలి పనికొచ్చి అక్కడే నిలబడ్డాడు. కాని మిత్రులారా, నేను రాసేది ఫ్యాక్టరీ గురించి కాదు, మన బయాలజీ ల్యాబులో ఉన్న నీలం సీసా గురించి.

అందులో ఉండేది బెనెడిక్ట్ ద్రావణం. మైలుతుత్తం, సోడియం కార్బొనేట్, సోడియం సిట్రేట్ కలిపి చేస్తారు. గ్లూకోజ్ నీళ్లతో వేడి చేస్తే నీలం పోయి ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు వస్తుంది. మైలుతుత్తంలోని రాగి కుప్రస్ ఆక్సైడై అడుగున దిగుతుంది. రాగిని ఇట్లా మార్చగల వాటినే క్షయకరణ చక్కెరలు అంటారు.

తమాషా ఏమిటంటే, మనం చాయలో వేసుకునే చక్కెరకు ఈ రంగు మారదు! బెల్లానికి మారుతుంది. చక్కెరలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఒకదాని చెయ్యి ఒకటి గట్టిగా పట్టుకొని ఉంటాయట, రాగికి అందియ్యడానికి చెయ్యి ఖాళీ ఉండదు. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మరిగించి, వంటసోడాతో ఆమ్లాన్ని విరిచి, మళ్లీ చూస్తే అప్పుడు ఎరుపు! బెల్లంలో విడిపోయిన చక్కెరలు ముందే కొన్ని ఉంటాయి.

మా నాయినమ్మకు మూడేండ్ల నుంచి షుగర్. నన్ను చూడ వచ్చిన ఆదివారం ఈ ముచ్చట చెప్తే, "నా ఉచ్చ గూడ చూడు బిడ్డా" అన్నది. సార్ సరేనన్నారు. 5 మిల్లీలీటర్ల ద్రావణంలో 8 చుక్కలు వేసి మరిగించాం. నీలం నీలమే ఉంది.

నాయినమ్మ సంబరం చూడాలె! "పోయింది బిడ్డా, గోళీలు ఇగ బంద్." గోళీలంటే ఆమెకు మొదట్నుంచీ గిట్టదు, కడుపుల తిప్పుతదని.

సార్ ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి నిమ్మళంగా చెప్పారు. రక్తంలో చక్కెర 100 మిల్లీలీటర్లకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటేదాకా మూత్రపిండాలు దాన్ని బయటికి వదలవు. పరగడుపున 126 ఉంటేనే జబ్బు కింద లెక్క. నడుమ ఉన్నదంతా ఈ సీసాకు కనపడదు. అదీగాక గోళీలు వేసుకోబట్టే నీలం వచ్చిందేమో!

నాయినమ్మ నమ్మలేదు. "మీ మందే చెప్పె గద సారూ" అని మొండికేసింది. నేను చక్కెర నీళ్లు మరిగించి చూపించిన. నీలమే. "నాకు" అని ఆ చక్కెర చేతిలో పెట్టిన. నాకి, సీసా దిక్కు చూసి, ఏమీ అనలేదు.

సోమవారం నాయిన సర్కారు దవాఖానలో పరగడుపున రక్తం చూపించిండు. 158 వచ్చింది. డాక్టరమ్మ గోళీలు అన్నం తిన్నంక వేసుకోమన్నదట, కడుపుల తిప్పుడు తగ్గుతదని. ఇప్పుడు వేసుకుంటున్నది. మొన్న ఫోన్ల అడిగింది: "మరి గా నీలం మందు ఎందుకు పెట్టిండ్రు బిడ్డా?" వేలు గుచ్చి చూసే మిషన్లు రాకముందు దవాఖానల్లో చాలా ఏండ్లు దాంతోనే చూసేవారని చెప్పిన.

"మరి అప్పటోళ్లు ఏం జేసిండ్రో పాపం" అన్నది.