చెవిన పడటం, చెవిన పెట్టడం

"నా మాట చెవిన పెట్టరు" అనని ఇల్లాలు ఉండదేమో. మా తోటికోడలూ అనేది. రెండేళ్ల క్రితం మా మరిదికి బైకు ప్రమాదంలో తలకి దెబ్బ తగిలాక మాత్రం ఆ మాటలో సరదా పోయి ఏడుపు చేరింది. గాయం మానింది. తన పనులు తను చేసుకుంటున్నాడు. చూసేవాళ్లకి పూర్తిగా కోలుకున్న మనిషే. కానీ వంటింట్లోంచి ఏదైనా చెప్తే పలకడు. టీవీ నడుస్తుంటే మరీను. చెవుల పరీక్ష చేయిస్తే వినికిడి బాగానే ఉందన్నారు. చుట్టాలకి అంతే చాలు. "వినపడుతోందిగా, మరి పలకడేం? పొగరు!" అన్నారు. "నేనంటే లెక్కలేదక్కా" అని ఆ పిల్ల నా దగ్గర కళ్లు తుడుచుకునేది.

నరాల డాక్టరుగారు రాసిన పరీక్షల్లో ఒకటి ఈఈజీతో చేసేది. తలకి చిన్న బిళ్లలున్న టోపీ పెట్టి, చెవుల్లో ఒకే రకం శబ్దం వినిపిస్తూ పోతారు. మధ్యమధ్యలో వేరే శబ్దం వస్తుంది. అది వచ్చినప్పుడల్లా బటన్ నొక్కాలి. నొప్పి ఉండదు, షాక్ ఉండదు. మెదడులో పుట్టే కరెంటును బయటి నుంచి నమోదు చేయడమే. ఈ పనిని మనిషి మీద మొదట చేసింది జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే డాక్టరు, 1924లో.

ఒక్క శబ్దానికి మెదడు ఇచ్చే జవాబు కొన్ని మైక్రోవోల్టులే. ఎప్పుడూ సాగే మిగతా అలల మధ్య అది కనపడదు. అందుకే అదే శబ్దాన్ని ఎన్నోసార్లు వినిపించి సగటు తీస్తారు. చల్ల చిలికితే వెన్న తేలినట్టు, అప్పుడు ఆ అల తేలుతుంది.

శబ్దం వచ్చిన సుమారు 100 మిల్లీసెకన్లకి ఒక అల వస్తుంది. శబ్దం మెదడుకి చేరిందని దాని అర్థం. 300 మిల్లీసెకన్ల ప్రాంతంలో ఇంకోటి వస్తుంది. 'ఇది వేరే శబ్దం, పట్టించుకోవాలి' అని మెదడు గుర్తించిందన్నమాట. దాన్ని పి300 అంటారు. తెలుగు బీఏ చదివిన నాకు మాత్రం మొదటిది చెవిన పడటం, రెండోది చెవిన పెట్టడం.

మా మరిదికి మొదటి అల బాగానే ఉంది. రెండోది చిన్నగా, ఆలస్యంగా వచ్చింది. తలకి దెబ్బ తగిలినవాళ్లలో తరచు ఇలా ఉంటుందని, ఈ ఒక్కదానితోనే ఏదీ తేల్చకుండా జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షలతో కలిపి చూస్తామని డాక్టరుగారు చెప్పారు. చుట్టుపక్కల చప్పుళ్లు ఆపి, ముందు పేరు పెట్టి పిలిచి, తర్వాత విషయం చెప్పమన్నారు.

పేరు సంగతి తర్వాత చదివాను. 2006లో బెల్జియంలోని లియేజ్ పరిశోధకులు, స్పృహ లేదనుకున్న రోగులకి వాళ్ల పేర్లే వినిపించి చూశారు. కొందరిలో ఆ పి300 అల కనిపించింది. అంతమాత్రాన స్పృహ ఉన్నట్టు కాదని కూడా వాళ్లే హెచ్చరించారు. అయినా, అంత గాయమైన మెదడులోనూ సొంత పేరుకి ఓ చోటు మిగిలిందంటే నాకు ఒళ్లు జలదరించింది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మా తోటికోడలు పెళ్లయిన పదహారేళ్లలో మొగుణ్ని పేరు పెట్టి పిలిచింది లేదు. "ఏవండీ" అన్న పిలుపు టీవీలో వాళ్లదైనా కావచ్చు, పక్కింటి వాళ్లదైనా కావచ్చు. పేరైతే ఆయనది ఒక్కడిదే. మొదటిసారి పిలిచినప్పుడు మా అత్తయ్య ముఖం చిట్లించారు. డాక్టరు చెప్పిందంతా మళ్లీ చెప్పాక ఊరుకున్నారు. ఇప్పుడా పిల్ల మిక్సీ ఆపి, దగ్గరికెళ్లి, పేరు పెట్టి పిలిచి, ఆయన తలెత్తేదాకా ఆగుతుంది. అప్పుడు ఒక్క మాటే చెప్తుంది.

పరీక్ష మందు కాదు. ఆలస్యం ఇంకా అలాగే ఉంది. కానీ పొగరు, లెక్కలేనితనం అన్న మాటలు మా ఇంట్లోంచి వెళ్లిపోయాయి. మీ ఇళ్లలో ఎవరికైనా తలకి దెబ్బ తగిలి, ఆ తర్వాత పిలిస్తే పలకడం తగ్గితే, చెవుల పరీక్షతో ఆగిపోకండి. ఏకాగ్రత సంగతి కూడా డాక్టరుని అడగండి.