వాసన

వాసన యను మాటకు మన భాషలో రెండర్థములు గలవు. ముక్కునకు సోకునది యొకటి. పూర్వాభ్యాసమువలన మనస్సునకు అంటుకొని విడువని సంస్కారము రెండవది. ఈ రెంటికిని గల చుట్టఱిక మెంత దగ్గఱిదో నాకొక చిన్న సీసా తెలిపినది.

హైదరాబాదున చార్మినారు చెంతనున్న అత్తరు దుకాణమునుండి మిత్రు డొకడు నాకు అగరుతైలము తెచ్చి యిచ్చెను. దీనినే అరబ్బులు ఊదందురు. తైలము నల్లనై చిక్కగా నుండెను. మణికట్టుపై ఒక్క చుక్క రాచుకొంటిని. మొదట వచ్చినదానిని పరిమళమని పిలుచుటకు ధైర్యము చాలదు. వానకాలపు గొడ్లచావడి, తడిసిన తోలు, పులిసిన గంజి, ఈ మూడును కూడి మీదికి వచ్చినట్లుండెను. మా పిన్నిగారు వంటయింటినుండియే “ఏమిరా నాయనా, ప్రొద్దుటనే దొడ్డిలో పడి వచ్చితివా? పోయి చేతులు కడుగుకో” అనిరి.

నేను కడుగుకొనలేదు. ఒక గడియ గడచునప్పటికి చావడి పలుచబడి, దాని వెనుకనుండి కర్పూరమువంటి చల్లదన మొకటి తలయెత్తెను. మధ్యాహ్నమునకు అదియు తగ్గి, తాతలనాటి భోషాణము మూత తెఱచినప్పటి కఱ్ఱవాసన, అందు తేనెవంటి తీపియు మిగిలెను. సాయంకాలమున పిన్నిగారే నా ప్రక్కనుండి పోవుచు, “ఎవరింటనో మంచి ధూపము వేసినారు” అనిరి. తైలమునందలి తేలికయగు అంశములు ముందెగిరిపోవుటయు, బరువైనవి నిలుచుటయు స్వభావము. కావున ఆమె తీర్పు రెండుమాఱులును న్యాయమైనదే.

తరువాత వచ్చిన తీర్పు అట్టిది కాదు. ఆ సాయంకాలమే మా యింటికి వచ్చిన పెద్దమనుష్యు లొకరు కుర్చీని నాకు దగ్గఱగా జరుపుకొని, “పరిమళము బహు బాగున్నదండీ! ఏమిటది?” అని యడిగిరి. ఊదంటిని. “ఓహో, సాయిబుల అత్తరా!” అని ఆయన కుర్చీని వెనుకకు జరుపుకొనిరి. చదువరులారా, ఆ క్షణమున తైలము మాఱలేదు. గాలి మాఱలేదు. పేరుమాత్రమే తెలిసినది.

వారి పూజామందిరమున ప్రతిదినమును ఊదువత్తి వెలుగును. ఆ మాటలోని ఊదు అరబ్బీ పదమే; కఱ్ఱ యని దాని యర్థము. మఱికొందఱు అదే వత్తిని అగరువత్తి యందురు. నేటి వత్తులలో పెక్కింట అగరు లేకున్నను పేర్లు రెండును మన దేవుని ముంగిటనే నిలిచియున్నవి. ఇక అరబ్బులకు ప్రాణప్రదమైన యీ కఱ్ఱయో, అస్సాము మొదలగు తూర్పు అడవులలో పుట్టినది. 7వ శతాబ్దమున కామరూపరాజగు భాస్కరవర్మ హర్షునకు పంపిన కానుకలలో అగరుబెరడు పత్రములపై వ్రాసిన గ్రంథములును, వెదురుగొట్టములలో నింపిన నల్లని అగరుతైలమును ఉన్నట్లు బాణుడు హర్షచరిత్రమున చెప్పియున్నాడు. మన పెద్దమనుష్యులు సాయిబులదని త్రోసివేసినది హర్షుని కొలువున మర్యాద పొందిన వస్తువే.

దాని పుట్టుక యింకను వింతయైనది. ఆరోగ్యముగానున్న అగరుచెట్టు కఱ్ఱ తెల్లగా తేలికగా నుండును. దానికి చెప్పుకొనదగిన వాసనయే లేదు. పురుగు తొలిచినపుడో, గాయము తగిలినపుడో బూజు లోపల ప్రవేశించును. ఆ తెగులు నెదిరించుటకు చెట్టు నల్లని జిగురును స్రవించి, ఆ చోటనెల్ల నింపుకొనును. ఆ జిగురు దట్టముగా పట్టిన కఱ్ఱ నీట మునుగునంత బరువెక్కును. పరిమళమంతయు ఆ పుండునందే. దానిని ముక్కలుగా కొట్టి దినములతరబడి నీట నానవేసి, పిదప బట్టిపెట్టి తైలము తీయుదురు. నానుటలో పులియుటవలననే తొలిగడియ గొడ్లచావడి వాసన. మన అమరసింహుడు అగరునకు చెప్పిన పేళ్లలో ‘కృమిజము’ కలదు, ‘రాజార్హము’ కలదు. పురుగువలన పుట్టినదియు, రాజులకు తగినదియు ఒక్కటే యని యెంచుటకు ఆ కోశకారునకు సంకోచము కలుగలేదు.

మనకు కలుగుచున్నది. మన యిండ్లలో వాసన యను మాటను అడ్డుపెట్టుకొని ఎందఱిని గుమ్మము వెలుపల నిలిపితిమో లెక్కలేదు. తోలుపని చేయువాని చేయి వాసన యందుము. ఆ చేయి కుట్టిన చెప్పులు తొడిగికొని సభలకు పోవుదుము. చేను దున్నినవాని చెమట వాసన యందుము. ఆ చేని బియ్యము ఉడికినపుడు ఘుమఘుమ యందుము. పొరుగు మతమువారి వంట పొగకు కిటికీ మూయుదుము. పసివానికి ఇట్టి రోతలు పుట్టుకతో రావు. తల్లి ముక్కు ముడుచుట చూచి వాడును ముడుచును. అదియే వాని బడి. అక్షరములు నేర్పుటకు ముందే మనమీ పాఠము నేర్పుచున్నాము.

దుర్గంధము లేదని నేననను. మురుగుకాలువను శుభ్రము చేయవలసినదే. శుచిని విడువుమని యెవరును చెప్పరు. కాని ముక్కు మూసికొనుటకు ముందొక గడియ యోర్చి, ఈ రోత ముక్కుదా, పేరుదా యని మనలను మనమే ప్రశ్నించుకొనవలెను. ముక్కుదైనచో గాలికే పోవును. పేరుదైనచో అది మొదట చెప్పిన రెండవ వాసన. దానిని మనమే కడుగుకొనవలెను, అందును బిడ్డలు చూచుచుండగా కడుగుకొనవలెను.